తడిపి చూడటం

చీమకుర్తిలో పొడిరాయిని ఎవరూ పాస్ చేయరు.
పాలిష్ అయి వచ్చిన పలకని నిలబెట్టి
గొట్టంతో నీళ్ళు కొట్టి
గుడ్డతో ఒక్కసారి తుడిచి
ఆగుతాం.
రాయంతా ఆరిపోయాక ఎక్కడో
వెంట్రుకంత గీత ఒకటి ఇంకా తడిగా ఉంటుంది.
అదీ పగులు.
పద్నాలుగేళ్ళుగా నా పని ఆ ఆరని గీతని పట్టుకోవడం,
సుద్దముక్కతో దాని చుట్టూ సున్నా చుట్టడం.

ఒంగోలులో ఆ పిల్ల, మెహరున్నీసా,
రెండు చల్లటి పలకల మధ్య నా రొమ్ముని అదిమి
"ఊపిరి బిగబట్టు పిన్నీ" అంది.
కుడిది. ఎడమది. పక్కనుంచి మళ్ళీ.
చీటీ ఇచ్చారు:
అనుమానించేదేమీ కనపడలేదు.
కింద మూలన, ఈగ వాలినంత అక్షరం:
డి.

డి అంటే నాకు తెలియకేం.
మా షెడ్డులో ఏ అంటే ఓడెక్కే రాయి,
బి బెంగుళూరుకి, సి ఎవరింటి మెట్లకో,
డి అంటే గోడ వెనక గుట్ట.
సంతనూతలపాడు దాటిందాకా
బస్సులో ఆ మడత విప్పుతానే ఉన్నా.
నలభై ఏడేళ్ళ ఒంటికి ఎవరో గ్రేడు వేసి పంపారు.

మా ఆయన క్రేన్ దిగొచ్చి
"లేదన్నారుగా, ఇంకేంది?" అన్నాడు.
కనపడలేదన్నారు. లేదనలా.
ఆ రెంటి మధ్య ఎంత దూరమో
నేను పాస్ చేసిన పలక రేవు నుంచి తిరిగొచ్చినప్పుడల్లా
నా జీతంలో కోసి చూపించారు.

మళ్ళీ వెళ్ళా.
మెహరున్నీసా తెర నావైపు తిప్పింది.
కొవ్వయితే నల్లగా పడుద్దంట.
నాకు పాలగ్రంథులూ నారా ఎక్కువ, అవి తెలుపు.
గడ్డ ఉంటే, అదీ తెలుపే.
మార్కాపురం పలక మీద పిల్లోడెవడో
సుద్దని అడ్డంగా పడేసి అంతా రుద్దేసి
అందులో ఒక చుక్క పెట్టి
కనుక్కోమంటున్నాడు.

"చేత్తో తడిమితే ఇన్నాళ్ళూ తెలియలేదేం?"
"చేతికి తెలియదు పిన్నీ, ఫోటోకే తెలుస్తది."
"తప్పు రాయా మరి?"
ఆ మాట తనకి అర్థం కాలా.
"తయారే అంత. చాలామందికి ఉంటది.
కాకపోతే నువ్వు ఒక్క చూపుతో సరిపెట్టుకోకూడదు."

మా నాయన క్వారీలో బండని సుత్తితో తట్టి
చెవి ఆనించేవాడు.
కంగుమంటే మేలు.
బొంగురుపోతే లోపల ఏదో దాక్కుని ఉన్నట్టు.
ఈ రెండో మిషనూ చప్పుడుతోనే చూస్తదంట,
మన చెవికి అందని చప్పుడు.
పన్నెండు వందలు. మూడు రోజుల కూలి.
"ఒక్కోసారి ఏమీ కానిదాన్నీ ఏదో అనుకుంటది,
సూది గుచ్చి చూసి ఏం లేదంటారు,
ముందే చెప్తున్నా" అంది.
మేమూ అంతే. సున్నా చుట్టినదల్లా పగులు కాదు.
కొన్ని రాయి పుట్టుకతో తెచ్చుకున్న ఈనెలు.

చల్లటి జిగురు పూసింది.
తడి.
నాకు నవ్వొచ్చింది.
పడుకుని నవ్వే మనిషిని ఆ గదిలో
తను ఎప్పుడూ చూసినట్టు లేదు.

ఎడమ పక్క,
గడియారంలో రెండు గంటలుండే చోట,
ఆ చెయ్యి ఆగింది.
వెనక్కి పోయింది. మళ్ళీ అక్కడికే వచ్చింది.
తెర మీద చిన్న చుక్కల గీతతో
చుట్టూ సున్నా చుట్టింది.
నేను ముప్పై అడుగుల పలకల మీద చుట్టేదే.
నా మీద చుట్టడం ఇదే మొదలు.

పగులో ఈనెనో శుక్రవారం సూది చెప్తది.

పొద్దున షెడ్డులో సలోమి గొట్టం విప్పుతూ
"ఏమన్నారే ఆదెమ్మా?" అంది.
పోయినేడు తనకీ ఇచ్చారు అట్టాంటి చీటీ,
బైబిల్లో పెట్టుకుంది.
"కింద మూలన ఏ అక్షరముందో చూశావా?" అన్నా.

గొట్టం పట్టుకున్న చెయ్యి అట్టాగే ఉంది.
నీళ్ళు నల్లరాయి మీద నుంచి జారి
బంగారు చుక్కలన్నీ కడిగి
మా ఇద్దరి చెప్పుల్లోకి వస్తున్నాయి.